బదులు వచ్చేదాకా కదలొద్దు

మిలాన్‌లో రైలు మారడానికి పద్నాలుగు నిమిషాలే ఉంటుందని మా పెద్దమ్మాయి చెప్పిన రోజు నుంచి నాకు తిండి సయించలేదు. ఆ పద్నాలుగు నిమిషాల్లో నలుగురం పెట్టెలతో సహా ఒక రైలు దిగాలి, ఇంకో ప్లాట్‌ఫారం వెతుక్కోవాలి, ఇంకో రైలు ఎక్కాలి. నలుగురిలో ఒకతె ఏడేళ్ళ పిల్ల. కుక్క కనిపిస్తే దాని వెనకాల పోతుంది, అద్దాల కొట్టు కనిపిస్తే అక్కడే అతుక్కుపోతుంది. వాగుడు ఎక్కువని దాన్ని పిచ్చుక అంటాం. పిచ్చుక మిలాన్‌లో ఉండిపోతుందని, మేం ముగ్గురం రైల్లో కొండల్లోకి వెళ్ళిపోతామని, అది ప్లాట్‌ఫారం మీద నిలబడి మా కిటికీ వెంట చూస్తుందని నాకు రోజూ కళ్ళకు కట్టినట్టు కనపడేది.

మా ఆయన లిఫ్టు మెకానిక్. ఇరవై ఏళ్ళు ఒక్క ప్రమాదం లేకుండా పనిచేసినందుకు కంపెనీ వాళ్ళు ఇంటిల్లిపాదికీ ఇటలీ, స్విట్జర్లాండ్ ప్రయాణం బహుమతిగా ఇచ్చారు. మేం ఉండేది మూడో అంతస్తులో. మా బిల్డింగుకి లిఫ్టు లేదు. రోజూ ఊళ్ళో వాళ్ళందరినీ పైకెత్తి, సాయంత్రం తను మాత్రం ఆయాసపడుతూ మెట్లెక్కి వస్తారు. అలాంటి ఇంటికి ఒక్కసారిగా ఐదు ఊళ్ళు, రెండు దేశాలు వచ్చిపడ్డాయి.

పెద్దది ఫోనులో వరస పెట్టింది. పందొమ్మిదేళ్ళ పిల్ల, ఏ పనైనా చకచకా తేల్చేస్తుంది. రోమ్‌లో మూడు రాత్రులు, ఫ్లోరెన్స్‌లో రెండు, వెనిస్‌లో రెండు. ఆ తర్వాత మిలాన్‌లో రైలు మారి, కొండ కింద సొరంగం దాటి లూసెర్న్‌లో రెండు, ఇంటర్‌లాకెన్‌లో రెండు. అవే ఊళ్ళు నేను నోటుబుక్కులో రాసుకుని, పక్కన ఏం జరగొచ్చో రాశాను. రోమ్: జేబుదొంగలు. ఫ్లోరెన్స్: గోపురం మెట్లు, నాలుగు వందల పైనే, దిగేటప్పుడు కళ్ళు తిరుగుతాయి. వెనిస్: గుమ్మం దిగితే నీళ్ళు. మిలాన్ పక్కన ఏమీ రాయలేదు. రాయడానికి చెయ్యి రాలేదు.

"ఇది టూర్ ప్లానా, పోలీసుల రిజిస్టరా?" అంది పెద్దది పుస్తకం తిప్పి.

"నవ్వు, నవ్వు. తర్వాతి రైలుకి వెళ్తే ఏం పోతుందే? రెండు గంటలేగా తేడా."

"లూసెర్న్‌లో సరస్సు మీద పడవ పోతుంది. ఆ రోజుకి అదే ఆఖరి పడవ. ఈ ట్రిప్ మొత్తంలో నేనడిగింది ఆ ఒక్కటే, అమ్మా."

ఆ మాట నిజమే. మా ఆయన అడిగిందీ ఒక్కటే. ఇంటర్‌లాకెన్ దగ్గర తాడు మీద వేలాడుతూ కొండెక్కే పెట్టె ఉంటుందట. "నాకు మంచుకొండతో పనిలేదు. ఆ తాడు దగ్గరగా చూస్తే చాలు" అనేవారు.

"వేలాడేటప్పుడు దాన్ని చూసి 'అయ్యో' అనకండి. నా గుండె అక్కడే ఆగుతుంది" అన్నాను.

చివరికి నేనే ఒక ఉపాయం చెప్పాను. ఒకసారి ఇంట్లోనే వెళ్ళొద్దాం అని. అందరూ నవ్వారు గానీ ఆదివారం మధ్యాహ్నం నిజంగానే పెట్టెలు సర్దుకుని బయల్దేరాం. ముందు గది రోమ్. వంటిల్లు ఫ్లోరెన్స్. వంటింటి వెనక బాత్రూం వెనిస్. బాత్రూం బయట, బట్టలుతికే మిషను పెట్టిన ఇరుకు చోటు మిలాన్. అక్కడి నుంచి పడగ్గదిలోకి సన్నటి నడవ ఒకటి ఉంది. దానికి కిటికీ లేదు, రెండు చివర్లా తలుపులు. మూస్తే పట్టపగలే చీకటి. అది సొరంగం. పడగ్గది లూసెర్న్.

"వెనిస్‌లో ఫినాయిల్ వాసన కొడుతోంది" అంది పెద్దది, నలుగురం బాత్రూంలో ఇరుక్కుని నిలబడినప్పుడు.

"నువ్వు నా కాలు తొక్కుతున్నావ్. అది పడవ కాదు, నా కాలు" అంది పిచ్చుక.

లెక్క పద్ధతి మా ఆయనది. లిఫ్టు పనిలో పైన ఒకరుంటారు, కింద గోతిలో ఒకరుంటారు. ఒకరికొకరు కనపడరు. పైమనిషి "ఉన్నావా?" అని పిలవాలి. కిందిమనిషి నోరు విప్పి బదులివ్వాలి. బదులు వచ్చేదాకా మీట మీద చెయ్యి పడకూడదు. ఇరవై ఏళ్ళు ఆయన ఆ ఒక్క పద్ధతీ తప్పలేదు. మాకు కూడా అంకెలిచ్చారు. ఆయన ఒకటి, నేను రెండు, పెద్దది మూడు, పిచ్చుక నాలుగు. ఆయన "ఉన్నారా? ఒకటి" అనాలి, మేం వరసగా పలకాలి, అప్పుడే బండి కదలాలి.

"వెనక్కి తిరిగి చూడొద్దు. రెండు చేతుల్లో పెట్టెలుంటాయి, తిరిగితే పడతారు. గొంతు వినపడితే మనిషి ఉన్నట్టే" అన్నారు.

మొదటి ఆదివారం అంతా సాఫీగా జరిగింది. పిచ్చుకకి అప్పటికే ముందు పన్ను ఊడి ఉంది. "నాలుగు" అన్నప్పుడల్లా ఆ సందులోంచి గాలి తోసుకొచ్చేది. సొరంగంలో, చీకట్లో ఆ గాలి చప్పుడు విని నా ప్రాణం కుదుటపడింది. ఆ రాత్రి చాలా రోజుల తర్వాత కడుపునిండా తిన్నాను.

రెండో ఆదివారం మళ్ళీ వెళ్ళాం. ఈసారి పెట్టెలు బరువుగా నింపాం. వెనిస్ దిగి, మిలాన్‌లో బట్టల మిషను దగ్గర ఆగాం. ఆయన నడవ తలుపు మీద చెయ్యి వేసి పిలిచారు. రెండు అన్నాను. మూడు అంది పెద్దది. నాలుగు. లోపలికి వెళ్ళాం, వెనక తలుపు మూశాం. చీకట్లో మళ్ళీ పిలిచారు. మళ్ళీ నాలుగూ పలికాయి. అవతలి తలుపు తెరిచి పడగ్గదిలో వెలుగులోకి వచ్చాం.

మేం ముగ్గురమే ఉన్నాం.

నడవలో దాక్కుందనుకున్నాం. లైటు వేస్తే నాలుగు గోడలు, ఒక మేకు, ఆ మేకుకి గొడుగు. పిచ్చుక లేదు. నేను అరుచుకుంటూ వెనక్కి పరిగెత్తాను. బాత్రూంలో ఉంది. బకెట్లో కాగితం పడవ వేసి, చెంబుతో అలలు రేపుతోంది. గౌను నడుం దాకా తడిసిపోయింది.

"ఇక్కడేం చేస్తున్నావే? నాలుగు అన్నావుగా!"

"నేనెప్పుడన్నాను? నేనింకా వెనిస్‌లోనే ఉన్నా."

"ఇక్కడి నుంచే అరిచుంటుందమ్మా" అంది పెద్దది. దాని మొహంలో మాత్రం నెత్తురు చుక్క లేదు.

"బాత్రూం మనకి వెనక ఉంది. గొంతు ముందు నుంచి వచ్చింది" అన్నాను.

మా ఆయన పెట్టె పిడి ఇంకా పట్టుకునే ఉన్నారు. అలాగే "బదులు వచ్చింది. నేను విన్నాను" అన్నారు, ఎవరో తనని తప్పుపట్టినట్టు.

నా భయానికి అప్పటిదాకా రూపు లేదు. ఇప్పుడు వచ్చింది. మిలాన్‌లో పిచ్చుక ఏ కుక్క వెనకాలో పోతుంది. ఆయన పిలుస్తారు. నాలుగు అని బదులు వస్తుంది. రైలు కదులుతుంది.

బుధవారం నాడు నేను పనిచేసే బట్టల దుకాణంలో గుండీలు కుట్టడం త్వరగా అయిపోయింది. ఇంటికొచ్చేసరికి మూడు కాలేదు. పిల్ల బడిలో ఉంది, పెద్దది కాలేజీలో ఉంది. చెప్పులు కూడా విప్పకుండా నడవలోకి వెళ్ళి రెండు తలుపులూ మూశాను. "ఉన్నారా?" అన్నాను. నా గొంతు నాకే ఎవరిదోలా వినపడింది.

ఏమీ లేదు. పై ఇంట్లో ఎవరో కుర్చీ జరిపారు.

తర్వాత తోచింది. పద్ధతి ప్రకారం పిలవాలి కదా. "ఒకటి" అన్నాను. కాసేపాగి "రెండు" అన్నాను.

మూడు చెప్పేవాళ్ళు లేరు. ఒక మనిషి మూడు అనడానికి ఎంతసేపు పడుతుందో అంతసేపు నిశ్శబ్దం. ఆ తర్వాత, నా మోకాలంత ఎత్తు నుంచి, పన్ను సందులో గాలితో సహా, "నాలుగు".

"ఎవరు?" అన్నాను. బదులు లేదు.

"ఎవరి పిల్లవమ్మా? మీ వాళ్ళెక్కడ?"

బదులు లేదు. దానికి మేం నేర్పిన మాట అదొక్కటే.

తలుపు ఎలా తీశానో, మెట్లెలా దిగానో తెలియదు. బడికి వెళ్ళి కిటికీలోంచి చూశాను. పిచ్చుక రెండో బల్లలో కూర్చుని నాలుక బయటపెట్టి ఏదో రాసుకుంటోంది. టీచరమ్మ నన్ను చూసి బయటికొచ్చింది.

"ఏమైందండీ? ఒంట్లో బాలేదా?"

"ఏం లేదు. ఉందా లేదా అని చూసిపోదామని."

ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది. బెల్లు కొట్టేదాకా గేటు దగ్గరే నిలబడ్డాను.

సాయంత్రం మా ఆయనకి చెప్పాను. పనిసంచీ భుజం మీద నుంచి దించకుండానే విన్నారు. పిచ్చిదానా అంటారనుకున్నాను. అనలేదు.

"పిలుపు మానేద్దాం. చేతులు పట్టుకుని లెక్కపెడదాం" అన్నారు.

"నలుగురికి ఎనిమిది చేతులు. పెట్టెలు పోను ఎన్ని మిగులుతాయి?"

"నడుముకి తాడు కడదాం పిచ్చుకకి."

"మేక పిల్లనా నేను?" అని పక్కగదిలోంచి పిచ్చుక.

"అసలు వెళ్ళడం మానేద్దాం" అన్నాను. పెద్దది ఫోను బోర్లా పెట్టి గోడ వైపు తిరిగి కూర్చుంది. మాటకి మాట విసిరే పిల్ల నోరెత్తకపోతే అదే ఎక్కువ బాధ.

ఆయన చివరికి "నా చెవులతో నేను ఇంకొక్కసారి వినాలి. అప్పుడు నువ్వేదంటే అది" అన్నారు.

మూడో ఆదివారం పెట్టెలు లేవు. నలుగురం ఊరికే నడవలో నేల మీద కూర్చున్నాం. పిచ్చుకని ఒళ్ళో కూర్చోబెట్టుకున్నాను. ఎందుకో ఏమిటో చెప్పలేదు. "ఇది ఆట. నువ్వు పలకకూడదు, నవ్వకూడదు" అన్నాను. దాని నోటి మీద నా అరచెయ్యి పెట్టి గట్టిగా మూశాను. పెద్దది నా భుజానికి ఆనుకుంది. తలుపులు మూసుకున్నాయి.

"ఉన్నారా?" అన్నారు ఆయన. "ఒకటి."

"రెండు."

"మూడు."

నా అరచేతి కింద పిల్ల పెదాలు కదల్లేదు. ముక్కులోంచి వెచ్చటి గాలి మాత్రం నా వేళ్ళకి తగులుతోంది. అప్పుడు, పడగ్గది తలుపు వైపు నుంచి వినపడింది.

"నాలుగు."

పెద్దది నా చెయ్యి గిచ్చేసింది. మా ఆయన లైటు స్విచ్ కోసం గోడ తడుముతున్నారు. ఆ చప్పుడు వినపడుతోంది. "ఆగండి" అన్నాను.

ఎందుకు ఆగమన్నానో ముందు నాకూ తెలియదు. నేను పిల్లి అడ్డొచ్చినా ఉలిక్కిపడే మనిషిని. కానీ ఆ గొంతులో భయపెడదామనే ఉద్దేశం లేదు. ముందరి ముగ్గురూ పలికేదాకా బుద్ధిగా ఆగింది. తన వంతు రాగానే పలికింది. బుధవారం నేనొక్కదాన్నే ఉన్నప్పుడు కూడా మూడో మనిషికి చోటు వదిలింది. ఏ తల్లి వెనకాలో నిలబడి వరసలో ఎదురుచూసిన పిల్ల తీరది. ఎప్పుడో, ఎక్కడో, ఎవరో ఈ పిల్ల బదులు వినకుండానే కదిలిపోయారేమో. లేకపోతే పిలిచిన ప్రతివాళ్ళకీ ఎందుకు పలుకుతుంది? మేం వెళ్ళకపోయినా ఇది ఈ నడవలో ఉంటుంది. వెళితే వెంట వస్తుంది. వచ్చి మిలాన్‌లో మా పిచ్చుక అంకె పలుకుతుంది. దానికి ఇంకో అంకె లేదు మరి.

"నాలుగు నీది కాదమ్మా. నాలుగు మా పిచ్చుకది" అన్నాను చీకట్లోకి.

"ఏం చేస్తున్నావ్ నువ్వు?" అన్నారు మా ఆయన, గుసగుసగా.

"మీ పద్ధతే. పలికిన మనిషిని వదిలి కదలొద్దన్నారా లేదా?"

"కంపెనీ రూల్సులో ఇది లేదే!"

"రాసుకోండి అయితే." మళ్ళీ ఆ తలుపు వైపు తిరిగాను. "నీది ఐదు. పిచ్చుక తర్వాత నువ్వు. ఐదు అనాలి. సరేనా?" పిల్ల నోటి మీది నుంచి చెయ్యి తీశాను. "ఏమండీ, మొదటి నుంచి పిలవండి."

ఆయన మళ్ళీ పిలిచారు. ఒకటి. రెండు. మూడు. పిచ్చుక నా గడ్డం కింద నుంచి గట్టిగా, "నాలుగు!"

తర్వాత ఏమీ లేదు. నడవంతా చల్లబడినట్టనిపించింది. అప్పుడు, కొత్త మాట పలకడానికి నోరు తిరగని పిల్లలా, తడుముకుంటూ, మా పిచ్చుక గొంతు కాని గొంతుతో, "ఐదు".

ఆ గొంతు నేనెప్పుడూ విననిది. కొంచెం బొంగురుగా, చాలా రోజులు మాట్లాడనట్టుగా ఉంది.

లైటు వేశాక ఎవరం ఎవరి మొహాలూ చూసుకోలేదు. సాయంత్రం గిన్నెలు సర్దుతూ పెద్దదే, "మరి ఐదో టికెట్టో?" అంది.

"ఒళ్ళో కూర్చునేవాళ్ళకి టికెట్ అడగరు" అన్నాను. అది నవ్వాలో ఏడవాలో తెలియక లోపలికి వెళ్ళిపోయింది.

బయల్దేరే రోజు పొద్దున్నే కారు వచ్చింది. పెట్టెలు మా ఆయన ముందే కిందికి దించి, డిక్కీలో పెట్టించి వచ్చారు. గ్యాస్ కట్టానా లేదా అని మూడుసార్లు చూశాను. అందరం నడవ గుమ్మం దగ్గర నిలబడ్డాం. ఆయన వాచీ చూసుకుని పిలిచారు.

ఒకటి. రెండు. మూడు. నాలుగు.

ఐదో బదులు రాలేదు.

మళ్ళీ పిలిచారు. మళ్ళీ నాలుగు దగ్గరే ఆగిపోయింది. కింద కారు హారన్ కొట్టింది.

"రాకపోతే పోనీ నాన్నా, మంచిదేగా. ఫ్లైట్ టైమవుతోంది" అంది పెద్దది.

మంచిదే అనుకోవాలి. అనుకోలేకపోయాను. పిచ్చుక చెయ్యి నా చేతిలోనే ఉంది, అయినా ఎవరినో పోగొట్టుకున్నట్టు నడవలోకి తొంగి చూశాను. ఆయన కూడా గుమ్మం దాటలేదు. ఇరవై ఏళ్ళ అలవాటు. బదులు రాకుండా కాలు కదపరు.

"నువ్వొకసారి పిలువు. నువ్వు పెట్టిన అంకె కదా" అన్నారు నాతో.

నేను నోరు తెరిచేలోపు మెట్ల మీద బూట్ల చప్పుడు. డ్రైవరు సగం మెట్లెక్కి, రొప్పుతూ, కాస్త కోపంగానే పైకి కేకేశాడు.

"సార్, ఏంటి సార్ ఇది? చిన్నపిల్లని ఒక్కదాన్నే కార్లో వదిలేసి ఇంతసేపా? ఒకటే ఏడుపు. పేరడిగితే అంకె చెబుతోంది."

నేను పిచ్చుక చెయ్యి ఇంకా గట్టిగా పట్టుకున్నాను. అది నా వైపు చూసి, "నేను కాదు" అంది.

మూడు అంతస్తులూ ఎలా దిగామో తెలియదు. కారు వెనక తలుపు తెరిచే ఉంది. సీటు ఖాళీ. సీటు మధ్యలో మాత్రం ఎవరో కూర్చుని లేచినట్టు పల్లం పడి, మేం చూస్తుండగానే మెల్లగా పైకి లేచింది. డ్రైవరు ఆ ఖాళీ సీటునీ పిచ్చుకనీ మార్చి మార్చి చూశాడు. "ఈ పాప... పైనుంచి వస్తోందా?" అన్నాడు. మా ఆయన ముందు తలుపు తీశారు.

ఎక్కాం. నేనూ పిచ్చుకా ఒక పక్క, పెద్దది ఇంకో పక్క. మధ్యలో జానెడు చోటు వదిలి కూర్చున్నాం, ఎవరూ చెప్పకుండానే. మా ఆయన ముందు సీట్లో కూర్చుని, వెనక్కి తిరగకుండా, "ఉన్నారా?" అన్నారు.

ఐదూ పలికాయి. ఆఖరిది ఎక్కిళ్ళ మధ్య వచ్చింది.

డ్రైవరు అద్దంలోకి చూశాడు, మళ్ళీ చూశాడు, తర్వాత ఇక అద్దం వైపు కన్నెత్తలేదు. "పోనివ్వు బాబూ, అందరం ఎక్కాం" అన్నాను. కారు కదిలింది. మా పక్కన ఎక్కిళ్ళు ఒక్కొక్కటిగా తగ్గాయి.

చాలా దూరం వెళ్ళాక పెద్దది ఫోను తీసింది. పక్కకి చూడకుండా, మెల్లగా, "అమ్మా, మిలాన్‌లో తర్వాతి రైలుకి ఇంకా చోటుంది. మార్చేయనా?" అంది.

"మరి నీ పడవ?"

"పడవ వద్దులే."

నేను పిచ్చుక తల నిమురుతూ ఆ ఖాళీ చోటు వైపు చూశాను. ఇప్పుడు నేను ఇద్దరు చిన్నపిల్లల్ని ఆ స్టేషను దాటించాలి. ఒకతె చెయ్యి పట్టుకోగలను. రెండో పిల్లకి పట్టుకోవడానికి చెయ్యి ఉందో లేదో కూడా తెలియదు.

"మార్చమ్మా. పిల్లలతో పరుగులు పెట్టలేం" అన్నాను.